మూడు వేళ్ళంత నోరు

నోరు తెరిచినప్పుడల్లా చెవి ముందర టక్‌మని చప్పుడు వస్తుంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నేను ఊరుకున్నాను. రెండేళ్ళ పాటు ఆ చప్పుడు నాకు ఒక వేడుక. ఆవలించినప్పుడు అది వినపడి ట్యూషన్ పిల్లలు కిసుక్కుమంటే, "మళ్ళీ చేయమంటారా" అని ఇంకోసారి చేసి చూపించేదాన్ని. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా అది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఏం జరిగిందో రాస్తున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. దోసె ముక్క నములుతున్నాను, తిట్టాల్సిన వాళ్ళను తిడుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే నా అవస్థ సగమే తెలుస్తుంది. మాది యానాం. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఒర్లియంపేటలో ఒక ఇరుకు సందులో ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన ఆర్. దామోదరన్, అత్తమ్మ, అంతే. అత్తమ్మావాళ్ళు తరాల కిందటే వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు తమిళం. మా ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకేమో తమిళం గడగడా మాట్లాడటం వచ్చుగాని, చదవడం అంటే బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడమే. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల పిల్లలకు సాయంత్రాలు తెలుగు చెబుతాను. "ఊళ్ళో పిల్లలకు నేర్పుతావు, మొగుడికి నేర్పలేవా" అని మా అక్క అడుగుతుంది. రెండుసార్లు మొదలుపెట్టాం. రెండుసార్లూ "ఋ" దాకా వచ్చేసరికి ఇద్దరికీ కోపాలు వచ్చాయి.

మా ఆయన తేంగాయితిట్టు హార్బరు దగ్గర షెడ్డులో పడవల ఇంజన్లు బాగుచేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ డీజిల్ ఇంజన్ల పక్కనే నిలబడి నిలబడి, తొమ్మిదేళ్ళ కిందట చెవులు పూర్తిగా పోయాయి. మిషను పెట్టించాం. "మాట రాలే, హోరు వస్తాది" అని దాన్ని తీసి డబ్బాలో పెట్టేశారు. ఆయన మాట్లాడగలరు, కాస్త పెద్ద గొంతుతో. వినడమే లేదు. అందుకని నా పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. నా పెదాలే. అత్తమ్మ నోట్లో ఒక్క పన్ను లేదు, పెదాలు లోపలికి పోయి ఉంటాయి, కన్నతల్లి ఏమంటోందో ఆయనకు అందదు. బయటివాళ్ళ మాట ముక్కా చెక్కా అందుతుంది. అత్తమ్మ మాట ఆయనకు చేరాలన్నా, షెడ్డు యజమాని ఫోన్ చేసి ఏమన్నాడో తెలియాలన్నా, పక్కింట్లో ఎవరు పోయారో చెప్పాలన్నా, అన్నీ నా నోటి మీదుగానే వెళ్ళాలి.

అందుకోసం నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా నిలబడి, ఒక్కో మాటకూ దవడ కిందికంటా లాగి, నోరు బార్లా తెరిచి, సాగదీసి పలకడం. గొంతు బయటికి రాదు, నోరు మాత్రం తెరుచుకుంటుంది. వీధిలో కొత్తవాళ్ళు చూస్తే పిచ్చిదనుకునేవారు. అనుకోనీ. మా ఆయన ఒక్క మాట కూడా వదలకుండా పట్టుకునేవారు. అది చూసి లోలోపల గర్వంగా ఉండేది నాకు.

మే నెలలో కుడి చెవి లోపల నొప్పి మొదలైంది. అప్పుడు సముద్రం మీద వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డున ఉండేది అప్పుడే కనక ఇంజన్ల పని అంతా ఆ రోజుల్లోనే వచ్చి పడుతుంది. మా ఆయన ఇంటికి అన్నానికి కూడా రావడం లేదు. నొప్పి సంగతి అత్తమ్మతో అంటే ఆవిడ మొహం మాడిపోయింది.

"నీకూనా? ఇంట్లో ఒకడు చెవుడుతో ఉండేది చాల్లేదా?"

చెవుడు అంటుకుంటుందా అత్తమ్మా అని నవ్వానే గాని, లోపల నాకూ దడ పట్టుకుంది. నాకూ వినపడకపోతే ఎవరి మాటా మా ఆయనకు చేర్చేవాళ్ళు ఉండరు. చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన లైటు వేసి చూసి, "చెవి శుభ్రంగా ఉందమ్మా, పళ్ళవాళ్ళకు చూపించు" అన్నారు. చెవి బాగుంది అన్న సంతోషంలో ఆ రెండో మాట చెవికెక్కించుకోలేదు.

వారం తిరిగేసరికి నొప్పి కణత మీదికి, బుగ్గ మీదికి పాకింది. నమిలితే కుడి బుగ్గలో కండ రాయిలా గట్టిపడేది. అత్తమ్మకు ఇలాంటి వాటికి ఒక న్యాయం ఉంది.

"కాలు పట్టేస్తే ఏం చేస్తామే? నడుస్తాం. దవుడ పట్టేస్తే నమలాల. నమిల్తే వదులైపోతాది."

ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందో. వేయించిన చింతగింజలు ఒక గిన్నెడు తెచ్చి నా ముందు పెట్టింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడకు అవి ప్రాణం. తను నమలలేని వాటిని నా చేత నమిలించి తృప్తి పడాలని కూడా ఉండి ఉంటుంది. పొట్టు తీసి, నానేదాకా బుగ్గన పెట్టుకుని, రెండు రోజులు పటపటా నమిలాను. కన్నీళ్ళు వస్తున్నా నమిలాను, వదులవుతోందనే నమ్మకంతో. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుందామని బ్రష్షు పెడితే లోపలికి పోలేదు. నోరు వేలెడు తెరుచుకుని అక్కడ ఆగిపోయింది. ఆ టక్‌మనే చప్పుడు కూడా లేదు.

అద్దంలో చూసుకుంటూ చేత్తో గడ్డం పట్టి కిందికి లాగాను. చెవి దగ్గర కత్తి దిగినట్టయింది. ఆ పొద్దున నేను భయపడ్డట్టు ఎప్పుడూ భయపడలేదు. చచ్చిపోతానని కాదు. ఇంకో గంటలో మా ఆయన లేచి "ఏంది సమాచారం" అంటూ నా మొహం వైపు చూస్తారు, అప్పుడు నేనేం చేయాలి అని.

జూన్ మొదటి వారంలో పళ్ళ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాం. ఆయన స్కూటరు మీద తీసుకెళ్ళారు. ఆసుపత్రి వరండాలో బల్లలు, బల్లల నిండా బుగ్గలు పట్టుకున్న జనం. ఆయన బండి నిలిపి రావడానికి వెళ్ళారు, అంతలో డాక్టరు గదిలోంచి నా పేరు పిలిచారు. నేను లోపలికి పోతే ఆయన నన్ను వెతుక్కుంటారు. కేక వేసి పిలుద్దామంటే నాకు నోరు లేదు, ఆయనకు చెవి లేదు. తలుపు దగ్గర నిలబడి చేతులు ఊపుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ అదంతా చూసింది. ఏంబలం నుంచి వచ్చిందట, పేరు నాగమ్మ. ఇంట్లో మా అత్తమ్మ మాట్లాడే తెలుగే ఆవిడదీ. "నువ్వు లోపలికి పో బిడ్డా. నీలం చొక్కాయనే గదా? నేను పట్టకొస్తా" అంది. నిజంగానే ఆయన చెయ్యి పట్టుకుని, తప్పిపోయిన పిల్లాడిని తెచ్చినట్టు తెచ్చి గదిలో వదిలిపెట్టింది. తర్వాత బయటికి వస్తే నా సంచిలో ఒక సీసా పెట్టి ఉంది. పల్చటి రాగి కంజి, ఉప్పూ మజ్జిగా కలిపింది. తనకని తెచ్చుకున్నదే. ఆమెకు ఏం జబ్బో అడగలేకపోయాను. మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు.

లోపల చూసింది స్రవంతి అనే అమ్మాయి. విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ పైచదువు చదువుతోంది. తెలుగు వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. "మీ మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూడండి మేడమ్, నోట్లో పడతాయేమో" అంది. మామూలు మనిషికి మూడు వేళ్ళు పట్టాలట. నాకు ఒకటి పట్టింది. చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి, కణతలు నొక్కి, బుగ్గలు నొక్కి, చివరికి నోట్లో చిటికెన వేలు పెట్టి పై పళ్ళ వెనక ఎక్కడో తాకింది. కుర్చీలోంచి ఎగిరి పడ్డాను. అక్కడ కూడా నమిలే కండరం ఒకటి ఉంటుందని నలభై ఆరేళ్ళకు తెలిసింది నాకు.

బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె ఒకటి ఉంది, కండరాలున్న చోట ఎర్ర రబ్బరు పట్టీలు అతికించి. ఆ అమ్మాయి దవడ ఆడించి చూపిస్తోంది. కణత మీద విసనకర్రలా పరుచుకున్నది ఒకటి, బుగ్గ మీద దళసరిగా ఉన్నది ఒకటి, లోపల రెండు. దవడ ఎముక మీద గుండ్రటి మొన, పుర్రెలో దానికో గుంట, మధ్యలో మెత్తటి బిళ్ళ. ఆ బిళ్ళ ముందుకు జారిపోయి, వెనక్కి రాకుండా దవడకు అడ్డం పడిందట. మాస్కు వెనకనుంచి చెబుతోంది కనక మా ఆయనకు ఒక్క ముక్కా అందలేదు. ఆయన చెయ్యి చాపి ఆ పుర్రె అడిగి తీసుకున్నారు. దవడ కిందికీ పైకీ నాలుగుసార్లు ఆడించారు. వెడల్పుగా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, ఆ మొన ఎటు కదులుతోందో వంగి చూశారు.

"వాషరు జారిపోయుండాది" అన్నారు గదంతా వినపడేలా.

ఆ అమ్మాయి మాస్కులోనే నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది, గోళ్ళు కొరుకుతారా, ఒక పక్కే నములుతారా, నిద్రలో పళ్ళు బిగిస్తారా అని. చింతగింజల సంగతి నసుగుతూ చెబితే తల పట్టుకుంది. "మాట్లాడే ఉద్యోగమా?" అంది. ట్యూషన్ సంగతి చెప్పి, మా ఆయన వైపు చూపించి, ఆయనతో నేను ఎలా మాట్లాడతానో చెప్పాను.

"చింతగింజలు ఆఖరి దెబ్బ మేడమ్. అసలు అరుగుదల ఇన్నేళ్ళుగా అంత పెద్దగా నోరు తెరవడం వల్లే అనుకుంటాను. ఇకనుంచి అది పూర్తిగా ఆపేయాలి. బాగైన తర్వాత కూడా."

మా ఆయన నా భుజం తట్టారు. "ఏందంట?"

మీరైతే ఏం చెప్పేవారు? మీతో మాట్లాడి మాట్లాడే ఇలా అయిందట అని చెబుతారా? నేను చెప్పలేదు. రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్ర చూపించాను, పళ్ళు కొరికినట్టు చూపించాను. ఆయన సరేనని తల ఊపారు. తొమ్మిదేళ్ళుగా ఎవరేమన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పినదాన్ని, మొదటిసారి మాట మార్చాను. అబద్ధానికి నోరు కూడా అక్కర్లేదని తెలిసింది.

ఇక జూలై నుంచి మొదలైంది అసలు కష్టం. తిండి గురించి పెద్దగా చెప్పను. కంజి, పప్పు కట్టు, మెత్తగా చిదిమిన ఇడ్లీ, చిన్నపిల్లల బ్రష్షు. వేడి నీళ్ళ కాపడం, పళ్ళ మీద ప్లాస్టిక్ తొడుగు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. మాట లేకపోవడమే ఓర్చుకోలేకపోయాను. నేను నోరు గల మనిషిని. యానాంలో మా వీధిలో నా పేరు చెబితే "ఆ గయ్యాళిదా" అనేవారు. అలాంటిదాన్ని మూగనోము పట్టాల్సి వచ్చింది.

పిల్లలతో ఎలాగో నెట్టుకొచ్చాను. వాళ్ళకు వినపడుతుంది కనక పళ్ళ మధ్య నుంచి గొణిగినా చాలు. మా ఆయనతోనే కుదరలేదు. వేలెడు నోటితో రెండు మాటలు చెప్పబోయాను. ఆయనకు అందాలని అలవాటు చొప్పున దవడ లాగాను, నొప్పికి మొహం వంకర్లు పోయింది. "చాలు, గమ్మునుండు" అన్నారు. కాగితం మీద రాద్దామంటే నా అక్షరాలు ఆయనకు రావు, ఆయన అక్షరాలు నాకు రావు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కలుపుకుంటూ, నాలుగు మాటలు చదవడానికి కాఫీ చల్లారిపోయేంత సేపు పట్టింది. కూరలో ఉప్పు తక్కువ అని చెప్పడానికి పరవాలేదు, పోట్లాడుకోవడానికి ఆ వేగం ఏం చాలుతుంది.

ఆ తర్వాత ఆయన నా వైపు చూడటం మానేశారు. నిజంగానే మానేశారు. అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేవారు. షెడ్డు నుంచి రాగానే స్నానం చేసి అరుగు మీదికి పోయేవారు. నేను ఎదురుగా వెళితే చెప్పులు వెతుక్కునేవారు. తమిళుల ఆడి నెల గడిచింది, ఆ తర్వాతి ఆవణి నెల వచ్చింది, ఆ మనిషి కళ్ళు నా మొహం మీద ఆనలేదు. చెవులు పోయిన కొత్తలో ఆయన షెడ్డు మానేసి మంచం పట్టినప్పుడు, రోజుకు పది గంటలు ఎదురుగా కూర్చుని మాటలు పలికి పలికి లేపి నిలబెట్టినదాన్ని నేను. నాకు మాట పోతే నా మొహం కూడా అక్కర్లేకపోయిందా అని కుమిలిపోయాను. కోపమొచ్చి గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. ఆయనకు వినపడి చస్తేనా. పాపం అత్తమ్మే ఉలిక్కిపడేది.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఏడుస్తోంది. ఏమిటని సైగ చేశాను.

"నా కొడుకుతో మాట్లాడి నెల పైనే అయిందే. నా మోకాళ్ళకు నూనె అయిపోయిందని చెప్పేదానికి కూడా దిక్కు లే. నువ్వు పలికితేనే గదా నా మాట వాడికి పోయేది. నేనే ఆ గింజలు పెట్టి నీ నోరు మూయించినా."

ఆవిడను దగ్గరికి తీసుకున్నాను. నా బుద్ధి ఏమైంది, నేను నమలకుండా ఉండొచ్చు కదా అని చెప్పాలనుంది. ముక్కుతో మూలగడం తప్ప ఏమీ రాలేదు. ఆ ఇంట్లో ముగ్గురం ఉండి ముగ్గురం ఒంటరివాళ్ళం అయిపోయాం.

సెప్టెంబరు చివర అని గుర్తు. నేను గిన్నెలు చప్పుడు చేస్తుంటే అత్తమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వాడి మీదనా కోపం? వాడు నీ మొగం యాడ చూస్తాడు? చూస్తే నువ్వు పలుకుతావంట. పలికితే నీకు నొస్తాదంట. చూడకుంటే గమ్మునుంటావు, బిర్నా మేలవుతాదంట. నిన్న నాతో చెప్పి ఏడ్చినాడు. పావం, షెడ్డులో కూడా పని సాగడం లే వాడికి."

నేను అక్కడే గిన్నెల మధ్య కూర్చుండిపోయాను. నిజమే, ఆయన చెప్పగలరు, ఆవిడ వినగలదు. ఆ దారి ఒకటి తెరిచే ఉందని నాకు తట్టనే లేదు. నన్ను చూడకపోవడం నాకు చేస్తున్న వైద్యమట. రెండు నెలలు నేను శాపనార్థాలు పెట్టింది దానికి. ఇంత తెలివితక్కువ మనిషిని ఎక్కడైనా చూశారా అని నవ్వొచ్చింది, నవ్వితే దవడ నొచ్చింది, ఏడ్చాను.

సాయంత్రం ఆయన రాగానే అరుగు మీదికి పోనివ్వకుండా చొక్కా పట్టుకుని లాగి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన చెయ్యి తీసుకుని నా చెవి ముందర పెట్టాను. స్రవంతి నేర్పిన మర్దనా అప్పటిదాకా నేనే చేసుకుంటున్నాను, మొక్కుబడిగా. ఇక్కడ, ఇలా, అని ఆయన వేళ్ళతో చూపించాను.

ఆ రోజు నుంచి ఆ పని ఆయనదే. షెడ్డు నుంచి రాగానే చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, అయినా డీజిల్ వాసన పోదు, కొబ్బరినూనె వేడి చేసి కూర్చునేవారు. బుగ్గ మీద గట్టిపడ్డ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆయన వేళ్ళు కనిపెట్టాయి. "ఇది పని చేయకుండా పట్టుకోనుండాది. నువ్వు పండ్లు ఆనిస్తా ఉండావు. ఆనీయొద్దు" అని గసిరేవారు. మాట్లాడకుండా, తినకుండా ఉన్నప్పుడు పళ్ళు పళ్ళు తాకకూడదట, పెదాలు మూసుకుని పళ్ళు విడిగా ఉండాలట. స్రవంతి పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆయన గసిరితే ఎక్కింది. లోపల ఎముక జరగడం చెవిటి మనిషికి వేళ్ళకు వినపడేది. "ఇప్పుడు కొంచం జరిగింది" అనేవారు, నాకు తెలియకముందే.

ఐస్‌క్రీము పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకునే కసరత్తు ఒకటి ఉంది. ఓపిక పట్టి, వారానికో రెండు వారాలకో ఒక పుల్ల పెంచుకుంటూ పోవాలి. కొత్త పుల్ల దూరిన రోజు అత్తమ్మ కర్పూరం వెలిగించేది. వానలు మొదలయ్యాయి, సందులో నీళ్ళు నిలిచాయి, ట్యూషన్ పిల్లలు రావడం తగ్గింది. దీపావళికి రెండు వేళ్ళు పట్టాయి. మెత్తటి మైసూరుపాకు చిన్న ముక్క నోట్లో పెట్టుకుని కరిగేదాకా కదలకుండా కూర్చున్నాను. ఇలాంటిది వచ్చినవాళ్ళకు చెప్పేది ఇంతే. బలవంతంగా తెరవకండి, నమిలి వదులు చేసుకోవాలని చూడకండి, పళ్ళ డాక్టరుకు తొందరగా చూపించుకోండి, నెమ్మదిగానైనా తగ్గుతుంది.

ఆయన మళ్ళీ నా మొహం చూస్తున్నారు, అది చాలనుకున్నాను. కానీ ఆ అబద్ధం నన్ను నిలవనివ్వలేదు. నోరు బాగైతే మునుపటిలాగే మాట్లాడాలి. మాట్లాడితే మళ్ళీ అరుగుతుంది. మాట్లాడకపోతే ఎందుకని అడుగుతారు. చెబితే ఆయన ఇక జన్మలో నన్ను ఏమీ అడగరు, ఏం జరిగిందో తెలుసుకోకుండానే కాలం గడిపేస్తారు. అది నాకు తెలుసు. మింగలేక కక్కలేక పొంగలి పండుగ దాకా నెట్టుకొచ్చాను.

పొంగలి వెళ్ళిన ఆదివారం, భోజనాలయ్యాక, మర్దనా కోసం కూర్చున్నాం. అత్తమ్మ లోపల కునుకు తీస్తోంది. రెండున్నర వేళ్ళు పడుతున్నాయి అప్పటికి. ఇవాళ చెప్పేయాలనుకున్నాను. ఆయన ఎదురుగా జరిగి కూర్చుని, మునుపటి అలవాటు కొద్దీ దవడ కిందికి దించబోయాను. ఆయన అరచెయ్యి నా గడ్డం కింద పెట్టి ఆపేశారు.

"అంత తెరవొద్దు."

"మీకు తెలియదు కదా మరి" అన్నాను, ఆ అరచెయ్యి మీదే గడ్డం ఆనించి, చిన్న నోటితో.

"తెలిసింది గదా ఇప్పుడు" అన్నారు.

అంత చిన్న మాటా ఆయనకు అందింది. తర్వాత అలాగే, చిన్నగా, ఉన్నది మొత్తం చెప్పేశాను. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నది పళ్ళు కొరకడం గురించి కాదని, మాట గురించని, నేను మార్చి చెప్పానని. ఆయన ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పమనలేదు.

"ఆ పొద్దే తెలుసు" అన్నారు. "ఆ పుర్రె ఆడించి చూస్తిని గదా. నోరు ఎంత తెరిస్తే ఆ గుండు అంత ముందరికి పోతాది. తొమ్మిదేండ్లు అట్ట ఆడిస్తే ఏ వాషరు నిలుస్తాది? నా వల్లనే అని నాకు తెలవదా?"

"మరి చిన్నగా మాట్లాడినా మీకు తెలుస్తుందా?"

ఆయన చేతులకు అంటిన నూనె పంచెకు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"మూడో ఏటి నుంచే తెలుస్తాది. నువ్వు ఎట్ట పలికినా తెలుస్తాది."

ఆరేళ్ళు. ఆరేళ్ళుగా అక్కర్లేకుండానే నేను ఆ దవడ లాగుతున్నాను. పోయిన జూలై నుంచి చిన్నగా మాట్లాడుకుంటూ హాయిగా ఉండాల్సిన ఇల్లు మూగబోయింది. "ఎందుకు చెప్పలేదండీ" అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"పెద్దంగా పలికేటప్పుడు నువ్వు పొయ్యి ఆర్పేసి వస్తావు. బిడ్డల నోటుబుక్కులు పక్కన పెట్టి వస్తావు. నా ముందర నిలబడి నన్నే చూస్తా పలుకుతావు. చిన్నంగా చాలునని చెప్పింటే, కూరగాయలు తరుక్కుంటా, యాడనో చూసుకుంటా చెప్పేసి పోతావు గదా, అందరికీ చెప్పినట్ట. అందుకని చెప్పలే. నీకు నోరు పట్టేసినాక చెప్పాలనుకుంటి. సిగ్గయింది."

తిట్టాను. ఆ మధ్యాహ్నం రెండున్నర వేళ్ళ నోటితో, గొంతు బయటికి రాకుండా, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. యానాం తిట్లు, ఒర్లియంపేటలో నేర్చుకున్నవి, అన్నీ. ఆయన తల వంచుకోలేదు, కళ్ళు తిప్పుకోలేదు, ప్రతి తిట్టూ చివరిదాకా చదువుకున్నారు. తిట్టడం అయిపోయాక చూసుకుంటే ఇద్దరికీ కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇప్పుడు ఆయనతో మాట్లాడటానికి నోరు పెద్దగా తెరవను. స్రవంతి చెప్పినట్టు చిన్నగానే పలుకుతాను, దవడ కదిలీ కదలనట్టు. పొయ్యి మాత్రం ఆర్పేసే వెళ్తున్నాను.